మద్యం మానినా తిరగబెట్టే క్లోమశోథం: పొగాకు పాత్ర ఎంత?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 38 ఏళ్ళు. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పని చూసుకుంటాను. రెండేళ్ళ క్రితం సంక్రాంతి వెళ్ళిన వారంలో పొట్ట పైభాగాన మొదలైన నొప్పి వీపులోకి పాకి, వాంతులతో ఆస్పత్రిలో చేరాను. ప్యాంక్రియాటైటిస్ అన్నారు, మద్యం మానేయమన్నారు. ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు. అయినా ఆ తరువాత మరో రెండుసార్లు అదే నొప్పితో చేరాల్సి వచ్చింది. నేను చాటుగా తాగుతున్నానని ఇంట్లోవాళ్ళ అనుమానం. రాత్రంతా చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు కనిపెట్టుకుని ఉండాలి కనుక నిద్ర ఆపుకోవడానికి రోజుకు ఒకటిన్నర పెట్టె సిగరెట్లు కాలుస్తాను. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా, దానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీరు రాసినది నేను నమ్ముతున్నాను. మీ ఇంట్లోవారికి కూడా ఈ జవాబు చదివి వినిపించండి. మీకు ప్యాంక్రియాటైటిస్ అని చెప్పినదే క్లోమశోథం, అంటే క్లోమగ్రంథి వాపు. మద్యం పూర్తిగా మానేసినవారికి సైతం అది తిరగబెట్టవచ్చు. అలా తిరగబెట్టడానికి ఉన్న కారణాలలో పొగతాగడం ఒకటి. అది మద్యంతో కలిసినప్పుడు మరింత చెరుపు చేస్తుంది గానీ, మద్యం లేకుండా తానొక్కటే అయినా హాని చేయగలదు. తాగుడు అలవాటున్నవారిలో ఎక్కువమందికి సిగరెట్టు అలవాటు కూడా ఉండడం వల్ల చాలా ఏళ్ళ పాటు నేరమంతా మద్యం మీదికే పోయింది. ఈ రెండింటి ప్రభావాన్నీ విడదీసి చూసిన పెద్ద పరిశోధనలు వచ్చింది గత 20 ఏళ్ళలోనే.

డెన్మార్క్‌లో దాదాపు 18 వేల మందిని 20 ఏళ్ళ పాటు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మద్యాన్నీ పిత్తాశయపు రాళ్ళనూ లెక్కలోంచి తీసివేసిన తరువాత కూడా పొగతాగేవారికి క్లోమశోథం ముప్పు ఎక్కువగానే ఉందని తేలింది. ఆ జనాభాలో వచ్చిన కేసుల్లో సుమారు 46 శాతం పొగాకు ఖాతాలోకే వస్తాయని వారు అంచనా కట్టారు. అప్పటి దాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ గుదిగుచ్చి 2010లో వేసిన మరో లెక్క ప్రకారం, అసలు పొగతాగనివారితో పోలిస్తే రోజుకు ఒక పెట్టెకు లోపు కాల్చేవారికి దీర్ఘకాలిక క్లోమశోథం వచ్చే అవకాశం సుమారు 2.4 రెట్లు, ఒక పెట్టె గానీ అంతకు మించి గానీ కాల్చేవారికి 3.3 రెట్లు. మీరు రెండో కోవలోకి వస్తారు.

పీల్చిన పొగ ఊపిరితిత్తుల్లోనే ఉండిపోదు. నికోటినూ దానితో వచ్చే ఇతర విషపదార్థాలూ క్షణాల్లో రక్తంలో కలిసి, ఒంట్లోని ప్రతి అవయవానికీ చేరతాయి. జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ఆనుకుని అడ్డంగా ఉండే క్లోమం రోజూ ఒక లీటరుకు పైగా జీర్ణరసం తయారుచేసి, సన్నని నాళం గుండా చిన్నపేగులోకి పంపుతుంది. కొవ్వునూ మాంసకృత్తులనూ విడగొట్టే ఎంజైములు అందులో ఉంటాయి. అవి పేగులోకి చేరాకే పదును దేరాలి, లోపలే దేరితే క్లోమం తన్ను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. మీకు వచ్చిన నొప్పి అదే. ఈ ఎంజైములను బయటికి కడిగేసే క్షారద్రవం ఊరడం పొగతాగేవారిలో తగ్గుతుంది. వేసవిలో పారుదల తగ్గిన పంటకాలువలో మేట వేసినట్టు, నాళాల్లో రసం చిక్కబడి నిలిచిపోతుంది, క్రమంగా సున్నపు రాళ్ళు కడతాయి. పొగలోని రసాయనాలు క్లోమంలో మచ్చ కట్టే కణాలను కూడా రెచ్చగొడతాయి కనుక మెత్తని గ్రంథి గట్టిపడుతుంది. పొగతాగే రోగుల్లో ఈ రాళ్ళూ, మధుమేహమూ ముందుగానే కనబడతాయి.

మూడుసార్లు వచ్చిందంటున్నారు కాబట్టి ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. తొలిసారి క్లోమశోథం వచ్చినవారిలో సుమారు ఐదో వంతు మందికి అది మళ్ళీ వస్తుంది. అలా మళ్ళీ మళ్ళీ వచ్చేవారిలో మూడో వంతుకు పైగా దీర్ఘకాలిక దశలోకి వెళతారు. ఆ దశలో తిన్న కొవ్వు అరగక మలం జిడ్డుగా, నూనె తేలుతూ పోవడం, మనిషి చిక్కిపోవడం, ఇన్సులిన్ అవసరమయ్యే మధుమేహం రావడం జరుగుతాయి. చెడిపోయిన భాగం తిరిగి బాగుపడదు. మీరు ఇంకా ఆ గీత దాటకపోయి ఉండవచ్చు. మద్యం మానడం ఎంత కష్టమో అనుభవించి, దాన్ని సాధించిన మనిషికి రెండో సగమైన పొగాకు గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది. డిశ్చార్జి కాగితం మీద మద్యం మానాలని రాసే చోటే పొగాకు మానాలని కూడా రాసి, నోటితో చెప్పి పంపాలి. ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు కూడా. మద్యం వల్ల క్లోమశోథం వచ్చినవారికి ఆరు నెలలకోసారి పిలిచి మళ్ళీ మళ్ళీ నచ్చజెపితే, రెండేళ్ళలో జబ్బు తిరగబెట్టినవారు 21 శాతం నుంచి 8 శాతానికి తగ్గారని ఫిన్లాండ్ వైద్యులు చూపించారు. అది మద్యం గురించి చేసిన పరిశోధనే అయినా, పొగాకు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాలని నా అభిప్రాయం.

అయితే అంతా పొగ మీదికి నెట్టి మిగతా కారణాలను వెతకకుండా ఉండకూడదు. పిత్తాశయంలో ఇసుకలాంటి చిన్న రాళ్ళు మామూలు అల్ట్రాసౌండ్‌లో తప్పిపోతాయి. ఎండోస్కోపీ ద్వారా చేసే అల్ట్రాసౌండ్ గానీ, పిత్త, క్లోమ నాళాలను చూపే ఎంఆర్‌సీపీ స్కాన్ గానీ అవసరం కావచ్చు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటినా ఈ జబ్బు వస్తుంది, కానీ రెండు రోజులు పస్తు పెడితే ఆ అంకె పడిపోతుంది కనుక ఆస్పత్రిలో చేరిన రోజే పరీక్ష చేయించాలి. కాల్షియం ఎంతుందో చూడాలి, మీరు వాడే మందుల జాబితా కూడా వైద్యుడికి చూపించాలి. మన దేశంలో కారణం అంతుబట్టని క్లోమశోథం ఉన్నవారిలో స్పింక్1 అనే జన్యువులో మార్పు తరచుగా కనబడుతోంది; అటువంటి మార్పు ఉన్నా పొగాకు మానడం వృథా పోదు, పైగా మరింత అవసరం.

ఇక మానడం ఎలా? మీ సిగరెట్టు నిద్రతో ముడిపడి ఉంది. చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామున కనుక, మీ యజమానితో మాట్లాడి రాత్రిని ఇద్దరు పంచుకునేలా వంతులు పెట్టుకోండి. ఒళ్ళు నిద్ర కోరుతుంటే ఏ మందూ సిగరెట్టుకు ప్రత్యామ్నాయం కాలేదు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా నాలుగైదుసార్లు కొరికి, నాలుక చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కిపెట్టి, ఆ ఘాటు తగ్గాక మళ్ళీ కొరకాలి. దానికి పావుగంట ముందు నుంచీ, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ తాగకూడదు, తాగితే నికోటిన్ ఒంటికి పట్టదు. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్టు ముట్టించేవారికి 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి. నికోటిన్ కూడా క్లోమానికి మేలు చేసేది కాదని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి కాబట్టి గమ్‌ను కొన్ని వారాల్లో తగ్గిస్తూ వచ్చి ఆపేయాలి. అంతవరకు అది సిగరెట్టు కన్నా ఎంతో నయం.

ఫలితం రేపే కనబడుతుందని చెప్పలేను. సుమారు 84 వేల మందితో స్వీడన్‌లో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఎన్ని కాల్చారన్నదాని కన్నా ఎన్నేళ్ళు కాల్చారన్నదే ముప్పును ఎక్కువగా పెంచిందని, మానిన తరువాత 20 ఏళ్ళకు ముప్పు ఎన్నడూ కాల్చనివారితో సమానమైందని కనుగొన్నారు. ఇప్పుడు మానితే మీకు అప్పటికి 58 ఏళ్ళుంటాయి. మద్యం మాత్రం ఇక జన్మలో ముట్టవద్దు. నొప్పి మళ్ళీ వీపులోకి పాకి, వాంతులు ఆగకపోతే గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారే దాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ లంక పొగాకు చుట్ట కాలుస్తారు. నిరుడు పిత్తాశయపు రాళ్ళ వల్ల ప్యాంక్రియాటైటిస్ వచ్చింది, పిత్తాశయం తీసేశారు. "రాళ్ళు పోయాయి, పైగా నేను పొగ మింగను, ఇక చుట్టతో పనేముంది?" అంటారు. ఆయనకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు ప్రాంతం

జవాబు: ఆయన మాటలో సగం నిజం ఉంది, ముందు దాన్ని ఒప్పుకోండి. రాళ్ళ వల్ల వచ్చిన క్లోమశోథానికి పిత్తాశయం తీయడమే సరైన చికిత్స. పైన చెప్పిన స్వీడన్ అధ్యయనంలో కూడా పొగాకు ముప్పు రాళ్ళతో సంబంధం లేని క్లోమశోథంలోనే స్పష్టంగా కనబడింది. కానీ పొగ మింగనంత మాత్రాన నికోటిన్ ఒంట్లోకి చేరదనుకోవడం పొరపాటు. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ కనుక నోటి లోపలి పొర గుండానే నికోటిన్ రక్తంలోకి దిగుతుంది; చుట్ట కాల్చేవారికి పొగ మింగకుండానే తృప్తి కలగడానికి కారణం ఇదే. ఒకసారి దెబ్బతిన్న క్లోమానికి రెండో కారణాన్ని మనమే తెచ్చిపెట్టడం ఎందుకు? నోటి క్యాన్సరు భయం కూడా ఉంది. గోదావరి లంకల్లో ఈ పంట మీద బతికిన కుటుంబాలకు ఇది రుచించే మాట కాదని తెలుసు, ఆ రైతుల మీద నాకు గౌరవమే. మీ నాన్నగారితో వాదన పెట్టుకోకుండా, ఆపరేషన్ చేసిన సర్జన్ గారి చేత ఆ ఒక్క మాట చెప్పించండి. ఇంట్లోవాళ్ళ మాట కన్నా సర్జన్ గారి మాటకు విలువ ఇస్తారు.

ప్రశ్న: క్లోమశోథం వచ్చాక సిగరెట్టు మానేసి ఖైనీ పెట్టుకుంటున్నాను. పొగ లేదు కదా, పరవాలేదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పరవాలేదని చెప్పలేను. నమిలే పొగాకు నోటి క్యాన్సరుతో పాటు క్లోమ క్యాన్సరుకు కూడా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. సిగరెట్టు మానగలిగారు కనుక ఖైనీ కూడా మానగలరు. కేంద్ర ప్రభుత్వం నడిపే 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే సలహాదారులు మాట్లాడతారు, దక్షిణాది భాషలవారి కోసం బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కేంద్రం ఉంది. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనిపిస్తే మీ ఊళ్ళోని ప్రభుత్వ ఆస్పత్రిలో పొగాకు మాన్పించే విభాగం ఎక్కడుందో అడిగి వెళ్ళండి. ఏ పూట ఎన్నిసార్లు పెట్టుకుంటున్నారో ఒక వారం పాటు కాగితం మీద రాసి, వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి.