శ్రమకు అంకె వేసేదెలా?

ప్రశ్న: మా కుర్రాళ్ల శిక్షణ భారాన్ని సెషన్ ఆర్‌పీఈతో, అంటే సాధన ఎంత కష్టమనిపించిందో వాళ్లే చెప్పే అంకెతో లెక్కిస్తున్నాను. అందరూ ఆరో ఏడో అంటున్నారు. ఈ లెక్కను నమ్మొచ్చా?

జవాబు: లెక్క మంచిదే, చూసుకోవాల్సింది అడిగే తీరు. సాధన ముగిసిన 30 నిమిషాలకు, ‘ఇవాళ మొత్తమ్మీద ఎంత కష్టమనిపించింది?’ అని అడిగి 0 నుంచి 10 లోపు అంకె చెప్పించండి. దాన్ని సాధన నిమిషాలతో గుణించాలి. 75 నిమిషాలకు 6 చెబితే 450, అదే ఆ రోజు భారం. ఆపీ ఆపగానే అడిగితే చివరి పరుగుల ఆయాసమే అంకెలోకి దిగుతుంది.

అందరినీ వరసలో నిలబెట్టి మాత్రం అడగకండి. మొదటివాడు ఆరంటే పదోవాడూ ఆరే అంటాడు! జట్టులో చోటు పోతుందేమోనని తగ్గించి చెప్పేవాళ్లూ ఉంటారు, పాపం. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, మాటలు రాసి ఉన్న స్కేలు చూపించండి: 3 మధ్యస్థం, 5 కష్టం, 7 చాలా కష్టం, 10 ఇక తన వల్ల కానంత.

గుణించిన మొత్తం ఒక్కటే రాసుకుంటే చాలదు. 90 నిమిషాల మామూలు సాధనకు 5 చెప్పినా, 50 నిమిషాల స్ప్రింట్లకు 9 చెప్పినా వచ్చేది 450యే. తొడ కండరాలకు ఆ రెండూ ఒకటి కావు. అంకె, నిమిషాలు వేర్వేరు గడుల్లో ఉంచండి. ఒకరి అంకెను మరొకరితో పోల్చకుండా, అదే కుర్రాడి గత వారాలతో పోల్చి చూడండి.