‘నిధులొచ్చాక చూద్దాం’ అనడం కూడా వివక్షేనా?

మీ ప్రశ్న ఇది: ఆర్థిక, సామాజిక హక్కులు ఎలాగూ దేశాలు ‘క్రమంగా’ అమలు చేసేవే కదా, మరి వికలాంగులకు ఇప్పుడే సౌకర్యం ఇవ్వకపోతే వివక్ష ఎలా అవుతుంది?

ఈ ‘క్రమంగా’ అనే మాటతోనే నన్ను ఏడు నెలలు తిప్పారు కాబట్టి చెప్తున్నాను. నాకు చూపు బాగా తక్కువ. ఉద్యోగంలో చేరిన వారంలోనే రెండు అడిగాను: నా కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), ఫైళ్లు అది చదవగలిగేలా, స్కాన్ బొమ్మలుగా కాకుండా టెక్స్ట్‌గా. ‘నిధులు వచ్చాక పరిశీలిస్తాం’ అని జవాబొచ్చింది. ఆ జవాబూ స్కాన్ చేసిన కాగితమే, పక్కసీటు ఆయనతో చదివించుకున్నాను! నేనడిగిన స్క్రీన్ రీడరేమో ఉచితంగా దొరికేది. కావాల్సిందల్లా అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టే మనిషి.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 4వ అధికరణ ‘క్రమంగా’ అనే మాట ఒప్పుకుంటుంది. కానీ వెంటనే అమలు కావాల్సిన బాధ్యతలకు అది అడ్డు రాదని అదే వాక్యంలో చెబుతుంది. వివక్ష చూపకపోవడం అలాంటి బాధ్యతే. ఒక మనిషికి అవసరమైన తగిన సర్దుబాటును, అంటే అతని అవసరానికి తగ్గట్టు చేసే మార్పును, నిరాకరించడం కూడా వివక్షేనని 2వ అధికరణ చెబుతుంది. భవనాలన్నిటికీ ర్యాంపులు కట్టడానికి ప్రణాళిక, గడువు ఉండొచ్చు. నా ఒక్కడి టేబుల్ దగ్గర సర్దుబాటు మాత్రం అడిగిన రోజు నుంచే బాధ్యత. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం చాలామందికి సౌకర్యం, అది వేరే సంగతి.

మోయలేనంత భారమైతే మినహాయింపు ఉంది. అయితే భారమని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలని ఒప్పందం అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2018లో స్పష్టం చేసింది. అసలు చాలాసార్లు గొడవ డబ్బు గురించి కూడా కాదు. 2012లో స్వీడన్ కేసు చూడండి. తీవ్రమైన జబ్బున్న ఒకామె చికిత్స కోసం తన స్థలంలో నీటికొలను కట్టుకుంటానంటే, ప్లానింగ్ నిబంధనలు ఒప్పుకోవని అనుమతి ఇవ్వలేదు. రూల్ అందరికీ ఒకటే అన్నారు. ఆమె పరిస్థితి చూడకుండా ఒకే రూల్ పెట్టడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని కమిటీ తేల్చింది.

నా రెండో ఉత్తరంలో హక్కుల ఉపన్యాసం మానేశాను. ‘దీనికి ఖర్చెంతో, ఎందుకు భారమో రాసివ్వండి’ అని మాత్రం అడిగాను. నాలుగో రోజు ఒకతను వచ్చి పాస్‌వర్డ్ కొట్టి వెళ్లాడు, ఐదు నిమిషాల పని. ఫైళ్లు మాత్రం ఇప్పటికీ సగం స్కాన్లే వస్తున్నాయి, మూడో ఉత్తరం రాస్తున్నాను.