టైర్ల సందేహాలు: ‘సమ్మర్’ అంటే ఎండాకాలానికేనా?

ప్ర: మా డిజైర్‌కి నాలుగు టైర్లూ మార్చాలి. సైజు 185/65 ఆర్15. షాపులో చూపించిన ఖరీదైన రకాలన్నీ ‘సమ్మర్ టైర్లే’ అన్నారు. మరి వానాకాలం సంగతేమిటి? ఏటా చలికాలంలో లంబసింగి, అరకు కూడా వెళ్తాం. ఏ కంపెనీవి తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జ: ఆ పేరు మంచు కురిసే దేశాలది. అక్కడ చలికాలానికి వేరే టైర్లు బిగిస్తారు గనక, మిగతా నెలల్లో వాడేవాటిని సమ్మర్ టైర్లన్నారు. వానకూ ఇవే. 7 డిగ్రీల దిగువన వీటి రబ్బరు బిగుసుకుని పట్టు తగ్గుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగిలో అంత చలి పడే మాట నిజమే. ఆ పూట ముందు బండికి ఎక్కువ దూరం ఇచ్చి నెమ్మదిగా నడపండి, అంతే. దానికోసం వేరే టైర్లు అక్కర్లేదు.

ఏ కంపెనీ అన్నదానికంటే ముందు, ఆ కంపెనీలో ఏ రకం అన్నది చూడాలి. గుడ్‌ఇయర్‌లోనే అష్యూరెన్స్ డ్యూరాప్లస్ 2 ఎక్కువ కిలోమీటర్లు మన్నడానికి చేసినది, ట్రిపుల్‌మాక్స్ 2 తడి రోడ్డు మీద త్వరగా ఆగడానికి చేసినది. మిషెలిన్‌లో ఎనర్జీ ఎక్స్ఎం2 ప్లస్ మన్నికకు, ప్రైమసీ 4 ఎస్‌టీ తక్కువ శబ్దానికి, మెత్తని ప్రయాణానికి. వీటిలో మీ సైజుకు ఏవి దొరుకుతాయో షాపులో కనుక్కోండి. మన్నాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి, తడిలో పట్టు కావాలంటే మెత్తగా ఉండాలి. ఈ రెండింటి పేచీని కొంత తీర్చేది రబ్బరులో కలిపే సిలికా. ఖరీదైన టైరులో మనం డబ్బు పెట్టేది ముఖ్యంగా ఈ మిశ్రమానికే.

ఇక లెక్క వేసుకోండి. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే ఇంటి కారుకు 60 వేలు మన్నే టైరు వేస్తే, అది అరగడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. మన ఎండకు, ఉప్పుగాలికి ఆరో ఏటికే రబ్బరు గట్టిపడి పక్కల సన్నని పగుళ్లు రావచ్చు. వాడుకోలేని మన్నికకు డబ్బు కట్టినట్టే! అలాంటి కారుకు తడిలో పట్టున్న రకమే సరైనది. అక్టోబరు, నవంబరు వాయుగుండాల వానలో హనుమంతవాక వాలు దిగేటప్పుడు ఆ తేడా అక్కరకొస్తుంది. రోజూ అచ్యుతాపురం వెళ్లొచ్చే కారైతే, ఏడాదికి 20 వేలు దాటేట్టయితే, మన్నిక రకం తీసుకోండి.

టైరు పక్కన, అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే ‘ట్రెడ్‌వేర్’ అంకె ఉంటే, దాన్ని ఒకే కంపెనీ రకాల మధ్య పోల్చడానికే వాడండి. ఎవరి అంకె వాళ్లే వేసుకుంటారు, కాబట్టి వేరే కంపెనీ టైరుతో పోలిస్తే మోసపోతాం. టైరు పక్కన ‘డాట్’ (DOT) అని మొదలయ్యే కోడులో చివరి నాలుగంకెలూ చూడండి, అవి తయారైన వారం, ఏడాది: 2325 అంటే 2025లో 23వ వారం. ఆరు నెలలు దాటిన సరుకు ఇస్తే కొత్తది తెప్పించమని అడగండి. మెత్తని ప్రయాణం ఇచ్చే టైర్లలో చాలావాటికి పక్కగోడ పలచన. గాలి తక్కువగా ఉండి గోతిలో పడితే పక్కన ఉబ్బు వస్తుంది, దానికి రిపేరు లేదు.

ప్ర: అదే 185/65 ఆర్15 సైజు టైర్లున్న నా కారుకు 195/65 ఆర్15 వేస్తే పట్టు పెరుగుతుందంటున్నారు. వేయించనా?
– గాజువాక

జ: వద్దు. ఇప్పుడున్న టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు, అది 634.5. అంటే 2 శాతం పైగా పెరుగుతుంది. మీటరు 100 చూపించినప్పుడు నిజవేగం 102 దాటుతుంది, ఎత్తెక్కేటప్పుడు పికప్ తగ్గుతుంది. పైగా 195 టైరుకు రిమ్ము వెడల్పు కనీసం 5.5 అంగుళాలు ఉండాలి, మీది 5 అయితే పక్కగోడలు లోపలికి ముడుచుకుంటాయి. ఆ ఖర్చుతో అదే సైజులో మంచి రకం కొనుక్కోవచ్చు. సైజు పక్కనున్న 88హెచ్ కూడా చూడండి: టైరుకు 560 కిలోల బరువు, గంటకు 210 కిలోమీటర్ల వేగం. ఈ అంకె తగ్గకూడదు.

ప్ర: ప్రస్తుతానికి రెండే కొనగలను. ముందు వేయించాలా, వెనకా?
– పెందుర్తి

జ: వెనక. షాపులో చాలామంది ముందు వేస్తామంటారు, ఇంజను బలం ముందు చక్రాలకే గనక. కానీ నీళ్ల మీద ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే వేగం తగ్గి మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, సరిదిద్దే వ్యవధి ఉండదు. అయితే ముందుకు మార్చే పాత టైర్ల గాట్ల లోతు 3 మిల్లీమీటర్లకంటే తక్కువుంటే, ఇంకో రెండు నెలలు ఆగైనా నాలుగూ ఒకేసారి కొనండి. చట్టం ప్రకారం 1.6 వరకూ తిరగొచ్చు గానీ, వానలో అది చాలదు.

ప్ర: అచ్యుతాపురంలో యోకోహామా ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడి కారు టైర్లు చవకగా దొరుకుతాయా?
– అనకాపల్లి

జ: 2022లో మొదలైన ఆ ఫ్యాక్టరీలో మొదట చేసినవి వ్యవసాయ, నిర్మాణ యంత్రాల టైర్లే, కారు టైర్ల తయారీ తర్వాత చేర్చారు. ధర సంగతి డీలరు దగ్గరే కనుక్కోండి.

ప్ర: కొత్త టైర్లకూ వారానికి 4, 5 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి దిగిపోతోంది. పంక్చరు లేదంటున్నారు.
– పెదవాల్తేరు

జ: నెలకు 1 పాయింటు దిగడం మామూలే. మీది రిమ్ము లీకు అయ్యుండాలి. సముద్రపు గాలికి రిమ్ము అంచున తుప్పు పొక్కులు లేచి, టైరు అంచు సరిగా అతుక్కోదు. సబ్బు నీళ్లు మొదట వాల్వు మీద, తర్వాత రిమ్ము చుట్టూ పోసి బుడగలు ఎక్కడొస్తాయో చూడండి. టైరు ఊడదీయించి, రిమ్ము అంచును వైరు బ్రష్షుతో నున్నగా రుద్దించి, టైరు అంచు గాలి పోకుండా అతుక్కునేందుకు బీడ్ సీలర్ పూయించి, వాల్వు కొత్తది వేయించండి. తర్వాత బ్యాలెన్సింగు చేయించాలి. ట్యూబు వేసేస్తాం అంటే ఒప్పుకోకండి: రాపిడికి వేడెక్కుతుంది, పగిలితే గాలంతా ఒక్కసారిగా పోతుంది. గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూసుకోవాలి. హైవే మీద నడిచొచ్చాక 3, 4 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది వేడి వల్ల పెరిగినదే. అప్పుడు తీసేయించకండి.