ఏడాదంతా పూలు కావాలంటే ముందు వరండా బల్బు సంగతి చూడండి

"మొక్కలు ఏపుగా ఉన్నాయి, పూలే లేవు. ఏడాదంతా పూయాలంటే ఏ ఎరువు వేయాలి?" అని అడిగారు. ఎరువు వద్దు, కత్తెర పట్టండి. ఆ ఏపంతా నత్రజని ఎక్కువైనందువల్లే. పూల మొక్క కనబడితే చాలు, గుప్పెడు యూరియా చల్లుతారు. దాంతో వచ్చేది ఆకు, ఆ లేత ఆకు రసం పీల్చడానికి పేనుబంక పురుగు.

చామంతి సంగతి మరీ వేరు. రాత్రి పొడవును బట్టి మొగ్గ వేసే మొక్క అది. చీకటి 12 గంటలు దాటాలి, మధ్యలో తెగకూడదు. అర్ధరాత్రి కాసేపు దీపం వెలిగినా దానికి ఆ రాత్రి లెక్కలోకి రాదు. వీధి దీపం పక్కనున్న మొక్కను గమనించండి: వెలుతురు పడే వైపు ఒట్టి ఆకులు, గోడ నీడ వైపు మొగ్గలు! కుండీని చీకటి మూలకు జరపండి. వీలుకాకపోతే సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా అట్టపెట్టె బోర్లించండి. మొగ్గలో రంగు కనబడేదాకా ఒక్క రాత్రీ మానొద్దు. నడివేసవిలో మాత్రం ఈ పని పెట్టుకోకండి, పెట్టె కింద వేడికి మొగ్గ ఇంకా ఆలస్యమవుతుంది.

మొక్క 5 అంగుళాలు ఎదగ్గానే చివర అర అంగుళం గిల్లేయాలి. పక్క కొమ్మలు అంత పొడవయ్యాక వాటినీ గిల్లండి. సెప్టెంబరులో రాత్రీ పగలూ సమానమయ్యే రోజుకు రెండు నెలల ముందే గిల్లడం ఆపేయాలి, ఆ తర్వాత గిల్లితే పోయేది మొగ్గలే. పూత అయ్యాక 4 అంగుళాలు ఉంచి కోస్తే మొదట్లోంచి పిలకలు లేస్తాయి. వాటి చివర్లు 3 అంగుళాలు తుంచి తడి ఇసుకలో గుచ్చితే మూడు వారాల్లో వేళ్లు పడతాయి. ఎండిందని పీకి పారేసేవాళ్లను ఏమనాలో!

చామంతి లేని నెలలకు బంతి, గులాబీ, మల్లె ఉన్నాయి. బంతి విత్తిన రెండు నెలలకు పూస్తుంది కాబట్టి విత్తనాలన్నీ ఒకేసారి చల్లకుండా నెలకో విడత చల్లండి. గులాబీని బయటి వైపు చూసే కన్నుకు (కొమ్మ మీద చిగురు లేచే చోటుకు) పావు అంగుళం పైన ఏటవాలుగా కోస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ పూత. మల్లె కొత్త కొమ్మ మీదే పూస్తుంది, చలి చివర్లో నీళ్లు తగ్గించి సగానికి కోయాలి. ఏ మొక్కకైనా వాడిన పువ్వును వెంటనే తీసేయండి. గింజ కడితే మొక్క పూయడం తగ్గిస్తుంది. రోజుకు ఆరు గంటల ఎండ లేని చోట మాత్రం ఇవేవీ పనిచేయవు.

అన్నట్టు, కొనుక్కొచ్చిన గుబురు చామంతి మరుసటి ఏడు పొడుగ్గా సాగిందని కంగారు పడకండి. అమ్మేవాళ్లు చాలాసార్లు పొట్టిగా ఉంచే మందు కొడతారు. దాని ప్రభావం పోయింది, అంతే.