ఇద్దరే ఉన్న ఇంటికి పొలంలో వాటా ఎందుకు?

మీరు బోస్టన్‌లో అపార్ట్‌మెంటులో ఇద్దరే ఉంటున్నామని, కారు లేదని, వేసవి మొత్తానికి ముందే డబ్బు కట్టి ఒక పొలం నుంచి వారం వారం కూరగాయల పెట్టె తెచ్చుకునే సీఎస్ఏలో (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) చేరడం లాభమా అని అడిగారు. మేము పక్కనే ఉన్న సోమర్‌విల్‌లో 2022 నుంచి మూడు వేసవులు అలా తెచ్చుకున్నాము. లాభమంటే పౌను ధర ఒక్కటే అయితే, శుక్ర, శనివారాల్లో బోస్టన్‌లోని హేమార్కెట్ సంతకు వెళ్లి కొనుక్కోవడమే చవక.

విత్తనాలు, నారు, కూలీల ఖర్చులన్నీ ఇక్కడి రైతుకు చలికాలం చివరనే వచ్చి పడతాయి, పంట డబ్బు మాత్రం జూన్‌కు గాని కనిపించదు. ఆ మధ్యకాలంలో తినేవాళ్లే రైతుకు పెట్టుబడి ఇచ్చి, పండితే పండినంత, పోతే పోయినంత అందరూ పంచుకోవాలన్నదే సీఎస్ఏ ఒప్పందం. అమెరికాలో ఈ పద్ధతి 1986లో మొదలైన తొలి రెండు పొలాల్లో ఒకటైన ఇండియన్ లైన్ ఫార్మ్ మన మసాచుసెట్స్‌లోనే, సౌత్ ఎగ్రిమాంట్‌లో ఉంది. మేము 20 వారాల వాటాకు 640 డాలర్లు మార్చిలోనే కట్టాము.

‘పోతే పోయినంత’ అన్న మాటకు అర్థం మాకు రెండో ఏడాదే తెలిసింది. 2023 జూలైలో కురిసిన భారీ వానలకు కనెక్టికట్ నది లోయలో చాలా పొలాలు మునిగాయి, మా రైతు పొలం కూడా సగం నీటి పాలైంది. వరద నీటిలో మురుగు, నూనెలు, రసాయనాలు కలిసి ఉంటాయి కాబట్టి, ఆ నీరు తగిలిన కాయను కడిగి అమ్ముకునే వీలు కూడా ఉండదు. ఆగస్టు నడిమి వరకు మాకు సగం పెట్టే వచ్చింది. డబ్బు వెనక్కి రాదని తెలిసే కట్టినా, నాలుగు బీట్‌రూట్లు, ఒక ఉల్లికాడల కట్ట మాత్రమే దొరికిన వారం నాకు చిరాకు వేసిన మాట దాచను.

అంతకన్నా పెద్ద పరీక్ష వంటింట్లో ఎదురవుతుంది, ఎందుకంటే ఏమి రావాలో నిర్ణయించేది మీరు కాదు. జూన్ అంతా దాదాపు ఆకుకూరలే వస్తాయి. స్విస్ చార్డ్‌ను పాలకూరలాగే కందిపప్పులో వేసి కాస్త చింతపండు పులుసు పోస్తే తేడా తెలియదు. కేల్ ఆకుకు మాత్రం ఈనె తీసి, సన్నగా తరిగి, పెసరపప్పుతో ఎక్కువసేపు ఉడికించాలి. ముల్లంగి ఆకును పారేయకుండా వేయించి నువ్వుల పొడి చల్లండి. నూల్‌కోల్ సాంబారుకు బాగుంటుంది. జూలైలో విడవకుండా వచ్చే జుకినీని మా ఇంట్లో సొరకాయ అనుకునే వండుతాము. ఆగస్టులో వచ్చే పెద్ద వంకాయలు గుత్తివంకాయకు పనికిరావు గాని, కాల్చి పచ్చడి చేస్తే వాటికి సాటి లేదు. మంచు పడబోయే ముందు కోసి పంపే పచ్చి టమాటాల కోసం మా ఆవిడ అక్టోబరు దాకా ఎదురుచూస్తుంది. బీరకాయ, దొండకాయ, గోరుచిక్కుడు మాకు ఒక్కసారీ రాలేదు కాబట్టి ఇండియన్ దుకాణం ప్రయాణం తప్పదు.

ఇద్దరికి పూర్తి వాటా ఎక్కువ. సగం వాటా ఇస్తారేమో అడగండి, లేదంటే మేము చేసినట్లు పక్కింటివారితో కలిసి ఒకటి తీసుకోండి. కారు లేదన్నారు కాబట్టి, పెట్టెలు దింపే చోటు మీ ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉందో లేదో డబ్బు కట్టక ముందే చూసుకోండి. మాకు బుధవారం సాయంత్రం మూడు గంటల వ్యవధి మాత్రమే ఉండేది, ఆ వేళకు వెళ్లకపోతే మిగిలినవి దానంగా ఇచ్చేసేవారు. మనవాళ్లు ఊరికి వెళ్లేది కూడా సరిగ్గా జూన్, జూలైలోనే కాబట్టి, ఈ ఏడాది మీకు ఇండియా ప్రయాణం ఉంటే, ఆ వారాల పెట్టె తీసుకుని వండుకునే స్నేహితులెవరో ముందుగా మాట్లాడి పెట్టుకోండి.