అత్తవారింట చిక్కుకున్న నగలు, నగదు: సమాధానం

మీ అక్క నగలూ నగదూ ఎలా తిరిగి రాబట్టుకోవాలని అడిగారు. వాటిని అట్టిపెట్టుకొని అత్తవారు "మాకేమీ ఇవ్వలేదు" అనగలుగుతున్నది, పెళ్లినాడు కానుకల జాబితా రాయించకపోవడం వల్లనే అయి ఉంటుంది.

1. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, పెళ్లిలో ఎవరు పుచ్చుకున్న కట్నమైనా 3 నెలల్లో వధువుకే చేరాలి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఆ చట్టం కింద చేసిన 1985 నాటి నియమాలు కోరే కానుకల జాబితాలో ప్రతి వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వధూవరుల సంతకాలు ఉండాలి. అది లేదు కనుక విజయవాడ బీసెంట్ రోడ్డులో నగలు కొన్న బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్కు, పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పొలం దస్తావేజు, మెడలోని హారం స్పష్టంగా కనిపించే పెళ్లి ఫొటోలు దగ్గర పెట్టుకొని, ఒక్కో వస్తువుకు ఒక్కో ఆధారం చూపుతూ ఇప్పుడు జాబితాను మీ అక్క చేతనే రాయించండి. పెద్దమనుషుల మాటల మీద నెలలు గడపకండి. ఈలోగా ఆమె బంగారం తాకట్టుకు పోవచ్చు.

3. ఆ జాబితాతో విజయవాడలోని మహిళా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి; వేధింపులుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.