పెన్‌డ్రైవ్ పెట్టినా విండోసే వస్తోందంటే

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. విండోస్ బదులు వాడే ఉబుంటు అనే లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పాత విండోసే వస్తోందని, బెంగళూరు మారతహళ్లిలో మీ పీజీ పక్కన షాపతను "మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడని రాశావు. లాప్‌టాప్ అతనికి ఇవ్వకు. నీ సమస్యకీ ఫార్మాట్‌కీ సంబంధం లేదు. వ్యవహారం ఇంకా హార్డ్‌డిస్క్ దాకా పోనేలేదు. ఫోన్‌లో చెప్తే సగం జారిపోతుందని రాస్తున్నాను. పక్కన పెట్టుకుని నెమ్మదిగా చెయ్యి.

నీ ఆలోచన మాత్రం సరైనదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఒప్పుకోని లాప్‌టాప్‌ని పారేయాల్సిన పని లేదు, లైనక్స్‌తో ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది.

అన్నిటికన్నా ముందు, అందులో ఉన్న అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటోలు, నీ ప్రాజెక్టు ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చెయ్యి. రెండో పని, బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడు. కొన్ని లాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. అది ఉండగా బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే తెరవనిచ్చే సెట్టింగ్) లాంటివి మార్చావంటే, తరువాత విండోస్ తెరిచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ అన్నయ్యదైతే ముందే అతన్ని అడిగి కాగితం మీద రాసుకో. ఇది చెయ్యకుండా బయోస్ ముట్టుకోవద్దు. కీ దొరక్క ఫోటోలన్నీ పోగొట్టుకుని ఏడ్చినవాళ్లను ఈ చెన్నై సర్వీసు పనిలో చాలామందిని చూశాను. అక్కడ మేం చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక అసలు సంగతి. అందరూ లాప్‌టాప్‌ని అనుమానిస్తారు. నా అనుభవంలో ఎక్కువసార్లు తేడా పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది. అందుకని అదే పెన్‌డ్రైవ్‌ని నీ రూమ్మేట్ లాప్‌టాప్‌కి పెట్టి బూట్ చేసి (దాన్నుంచే లాప్‌టాప్ తెరిచి) చూడు, ఎలాగో కింద బూట్ మెనూ దగ్గర రాశాను. ఆమె మెషీన్‌లో ఏదీ మార్చక్కర్లేదు, ఉబుంటు మొదటి స్క్రీన్ వస్తే చాలు, అక్కడే ఆపెయ్. అయితే ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ మీద మాత్రం వద్దు. అక్కడ కూడా రాకపోతే నీ లాప్‌టాప్ సెట్టింగుల జోలికి పోనేవద్దు, పెన్‌డ్రైవ్ మళ్లీ తయారు చేసుకో.

డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైల్‌ని (ఉబుంటు మొత్తం ఉన్న ఒకే పెద్ద ఫైల్) లాగి పెన్‌డ్రైవ్‌లో పడేశావా? అలా చేస్తే అది ఉత్త ఫైల్ లాగే ఉంటుంది, దాన్నుంచి బూట్ అవదు. రూఫస్ గానీ ఎచర్ గానీ, ఇందుకోసమే ఉన్న ప్రోగ్రాం వాడి రాయాలి. 8 జీబీ అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకో, అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకో. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ జీపీటీ అని, టార్గెట్ యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బయోస్) అని ఉండేలా చూడు. రాయడం అయ్యాక విండోస్ ఒక్కోసారి "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి" అని అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టు. చాలామంది అక్కడే ఓకే నొక్కి, రాసిందంతా చెరిపేసుకుని, పెన్‌డ్రైవ్ పనిచేయట్లేదంటారు.

డౌన్‌లోడ్ సగంలో దెబ్బతిన్నా ఇదే బాధ. పీజీ వైఫైలో అది మామూలే. విండోస్‌లో కమాండ్లు ఇచ్చే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అనే కమాండ్‌తో ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) వస్తుంది. ఉబుంటు వాళ్లు ఇచ్చిన విలువతో పోల్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యి.

ఎస్పీ రోడ్‌లో చవకగా కొన్నానన్నావు కదా, ఆ పెన్‌డ్రైవ్ నిజంగా అంత సైజు ఉందో లేదో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాంతో పరీక్షించు. పైన 64 జీబీ అని ఉండి లోపల అంత లేని నకిలీలు ఇక్కడ రిచీ స్ట్రీట్‌లోనూ దొరుకుతాయి. ఇంకోటి, హబ్‌కి పెట్టకుండా నేరుగా లాప్‌టాప్ పోర్టుకే పెట్టు. ఒక పోర్టులో కాకపోతే రెండోదానిలో.

రూమ్మేట్ దాంట్లో వచ్చి నీ దాంట్లో రాకపోతే అప్పుడు మీ లాప్‌టాప్ సంగతి చూద్దాం. విండోస్‌లో మామూలుగా షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టు. వచ్చే నీలం స్క్రీన్‌లో "యూజ్ ఎ డివైస్" అని కనిపిస్తే అందులోంచి పెన్‌డ్రైవ్ ఎంచుకోవచ్చు. అది లేకపోతే ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ టకటకా నొక్కుతూ ఉండాలి. కంపెనీ ఏదో నువ్వు రాయలేదు కాబట్టి అన్నీ చెప్తున్నా: డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తరువాత ఎఫ్9. ఏసస్‌లో ఎస్కేప్. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కానీ చాలా మోడళ్లలో ఆ మెనూని ముందు బయోస్‌లోకి ఎఫ్2తో వెళ్లి ఆన్ చెయ్యాలి. కీ పనిచేయకపోతే ఎఫ్ఎన్ కలిపి నొక్కి చూడు.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు. ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదే ఎంచుకో. అసలు కనిపించకపోతే బయోస్‌లో ఫాస్ట్ బూట్ ఆపు, యూఎస్‌బీ బూట్ ఆన్‌లో ఉందో చూడు. ముట్టుకునే ముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసుకో. ఒకసారికి ఒక్కటే మార్చి, సేవ్ చేసి, మళ్లీ ప్రయత్నించు. నాలుగు ఒకేసారి మార్చితే దేనివల్ల కుదిరిందో, దేనివల్ల చెడిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఎవరో చెప్పారని బయోస్‌ని లెగసీ మోడ్‌కి (పాత రకం బూట్ పద్ధతికి) మార్చకు. విండోస్ యూఈఎఫ్‌ఐలో ఇన్‌స్టాల్ అయి ఉంటే అటు మార్చగానే అదీ తెరుచుకోదు. భయపడక్కర్లేదు, వెనక్కి మార్చితే వస్తుంది, కానీ ఆ టెన్షన్ నీకెందుకు?

సెక్యూర్ బూట్ గురించి కూడా గాభరా వద్దు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటి లైనక్స్ రకాలు అది ఆన్‌లో ఉన్నా బూట్ అవుతాయి, ఆపనక్కర్లేదు. ఆర్చ్ లాంటివాటికే ఆపాలి. స్క్రీన్ మీద షిమ్, ఎస్‌బీఏటీ అంటూ సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని వస్తే నీ ఐఎస్‌ఓ పాతదని అర్థం. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత బూట్ ఫైళ్లను ఆపేసింది, అప్పట్లో చాలామందికి ఇదే వచ్చింది. కొత్త ఐఎస్‌ఓ తెచ్చుకుని మళ్లీ రాస్తే చాలు.

ఉబుంటు తెరుచుకున్నాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకు. ట్రై అని ఉంటుంది, అందులో వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ చూసుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్క్ కనిపించకపోతే అక్కడే ఆగిపో. అది బయోస్‌లో ఉండే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (డిస్క్‌ని నడిపే పద్ధతి) సెట్టింగ్ అయి ఉండొచ్చు. దాన్ని ఊరికే మార్చితే విండోస్ తెరుచుకోదు, మనిద్దరం కలిసి చేద్దాం.

పరీక్షల వారంలో మాత్రం మొదలుపెట్టకు. ఛార్జర్ పెట్టే ఉంచు. ఎక్కడ ఆగితే అక్కడ స్క్రీన్ ఫోటో తీసి పంపు, అక్షరాలన్నీ కనబడేలా. లాప్‌టాప్ కింద అంటించిన మోడల్ నంబర్ కూడా రాయి. రాత్రి తొమ్మిది దాటాక నేను ఇంట్లోనే ఉంటాను, వీడియో కాల్ చెయ్యి.

మీ మావయ్య